ముదిసిన గుఱ్ఱమును ఎరవిచ్చు విధము

గుఱ్ఱమును అమ్ముట యొకటి, దానమిచ్చుట యొకటి, ఎరవిచ్చుట మఱియొకటి. అమ్మినచో సొమ్ము చేతికి వచ్చును, గుఱ్ఱముతోడి సంబంధము తెగిపోవును. దానమిచ్చినచో సొమ్మును రాదు, సంబంధమును నిలువదు. ఎరవిచ్చినచో గుఱ్ఱము పరుని పంచఁ జేరి వాని చేతి మేఁత మేయుచున్నను, యజమాని యజమానిగనే యుండును. పెండ్లిండ్లకు నగలు ఎరవు తెచ్చుకొనుట మన యాఁడువారు చిరకాలముగా నెఱిఁగినదే. ధర్మశాస్త్రములు దీనినే యాచితమని పేర్కొన్నవి. యాజ్ఞవల్క్యుఁడు నిక్షేపముతోఁ జేర్చి దీనికిని విధి చెప్పినాఁడు. నగ యెరవైనచో, తిరిగి వచ్చునప్పుడు తూఁచి చూచుకొనవచ్చును. మేఁత మేయు ప్రాణి యెరవైనచో, అందును ముదిసి రోగము గలది యైనచో, తూనిక చాలదు. నేఁడు నేను జెప్పఁబూనినది యీ చిక్కును గుఱించియే.

గుఱ్ఱము లిప్పు డెక్కడివి యని మీలోఁ గొందఱు నవ్వవచ్చును. జట్కాబండ్లు మన పట్టణములలో నడుగంటిన మాట నిజమే. ఐనను పాడేరు మన్యమునఁ గొండపల్లెలకు బస్తాలు మోయుచున్నవి నేఁటికిని గుఱ్ఱములే. పట్టణములలోఁ బెండ్లికొడుకు నూరేగించుటకు గుఱ్ఱము కావలసియే యున్నది. హైదరాబాదువంటి చోట్ల సవారి నేర్పు శాలలును గలవు. ఈ గుఱ్ఱములన్నియు నొకనాఁడు ముదియును. బాగుగాఁ బోషింపఁబడిన గుఱ్ఱము 25 మొదలు 30 ఏండ్లు బ్రదుకును. బరువు మోయఁగల కాలమో 18, 20 ఏండ్లకే ముగియుట తఱచు. మిగిలిన కాలము దాని నెవరు మేపవలెను? అది పాలీయదు, దాని పెంట యెరువునకుఁ బనికివచ్చునని మాత్రమే మేపువాఁడును లేఁడు. అందుచేత రాత్రివేళ ఊరి పొలిమేర దాఁటించి విడిచివచ్చువారు కలరు. 1960 నాఁటి జంతుహింసా నివారణ చట్టము, 11వ సెక్షనున, తగిన కారణము లేక ప్రాణిని ఆఁకలిదప్పులకుఁ బాలగునట్లు విడిచిపెట్టుట నేరమనుచున్నది. వయస్సుచేతఁగాని రోగముచేతఁగాని పనికి దగని ప్రాణిచేఁ బని చేయించుటయు నదే సెక్షను ప్రకారము నేరము. కనుక విడువనుం గూడదు, పూనుపనుం గూడదు. మిగిలిన త్రోవలలో నెరవు మేలైనది.

మా యూర జట్కా తోలి జీవించినవాఁ డొకఁడు కలఁడు. ఆటోలు వచ్చిన పిమ్మట బండి మూలఁబడినది కాని గుఱ్ఱమును మాత్ర మతఁడు విడువలేదు. కొన్నాళ్లు పెండ్లిండ్లకుఁ బంపెను, తరువాత ఊరక మేపెను. గుఱ్ఱమునకు 22వ యేఁడు, అతనికి 71వ యేఁడు నడచుచుండఁగా, కొడుకు పట్టణమునకు రమ్మని పట్టుపట్టెను. కొడుకు కాఁపురము మూఁడవ యంతస్తున రెండు గదులలో. గుఱ్ఱము ఎడమ ముంగాలఁ గుంటును, గడ్డి మేయునప్పుడు దగ్గును. బేరగాఁ డొకఁడు వచ్చి నాలుగు వేల రూపాయ లిచ్చెదననియు, ఎందులకని యడుగవలదనియుఁ జెప్పెను. ఆ సాయంకాలము ముసలివాఁడు నా యరుఁగుమీఁదికి వచ్చి, "పంతులుగారూ, అమ్మితే దాన్నేం చేస్తారో నాకు తెలుసు. ఎరువిస్తాను. కాయితం మీరే రాసిపెట్టాలి" అనెను. ఎరువుల సొమ్ము బరువుల చేటను సామెత నే నెఱుఁగనిది కాదు. కావుననే, కాగితమునకుఁ బూర్వము చేయవలసినవి కలవని యతనితోఁ జెప్పితిని.

అన్నిటికంటె ముందు గుఱ్ఱమునకున్న రోగములను దాఁచక పేరుపేరున వ్రాసికొనవలెను. ఇందులకుఁ బశువైద్యుని పిలిపింపవలెను. యజమానికిఁ గన్ను కలిసిన దోషములు వాని కన్నునఁ బడవు. వయస్సుతో నారంభింపుఁడు. గుఱ్ఱపు వయస్సును బండ్లచే నెఱుఁగుట ప్రాఁతవిద్య. మీఁది దవడయందుఁ గొరుకుడు పండ్లలోఁ గడపటి మూలపంటిపై, వెలుపలి ప్రక్క, నిలువుగా నొక గాడి పుట్టును. పంటిచిగురుకడ నది కానవచ్చునది సుమారు 10వ యేఁట. పంటి నడుమకు దిగునది 15వ యేఁట. కొనదాఁక నిండునది 20వ యేఁట. పిమ్మటఁ బైనుండి మాసికొనుచు వచ్చి 30వ యేఁటికి మాయమగును. రెండు మూఁడేండ్లు అటునిటు గావచ్చును గాని, 22 ఏండ్ల గుఱ్ఱమును 12 ఏండ్లదని చెప్పువాని నోరు మూయించుటకు నిది చాలును.

పండ్ల విషయ మింతతో ముగియదు. గుఱ్ఱపు నమలుడు పండ్లు జన్మమంతయు నరుగుచు, అరిగినకొలఁది లోనుండి పైకి వచ్చుచుండును. ముదిమియందు ఆ నిలువ తీఱిపోవును. కొన్ని పండ్లు వాఁడియై బుగ్గను గోయును. అప్పుడు గుఱ్ఱము గడ్డిని సగము నమిలి యుండలుగా నేల రాల్చును. గాడిక్రింద నట్టి యుండలు కనఁబడినచో గడ్డి చెడ్డదని యనుకొనక నోరు చూపింపవలెను. వైద్యుఁడు ఆకురాయితో వాఁడి యంచులను నున్నన చేయును. ఆ మీఁద గడ్డిని సన్నముగా నఱికి, ఉలవలను మెత్తగా నుడికించి చల్లార్చి పెట్టవలెను. తవుడు మెత్తన గదా యని దానినే ప్రధానాహారము చేయువారు కలరు. అది మంచిది కాదు. తవుటిలో భాస్వర మెక్కువ, సున్న మల్పము. కాలక్రమమున నెముకలలోని సున్నము కరఁగి ముఖపుటెముక లుబ్బును.

కుంటు రెండు తెఱఁగులు. కీళ్లరుగుటవలనఁ గలుగు కుంటు ఉదయమునఁ గఠినముగానుండి, మెల్లగా నడిపించినకొలఁదిఁ గొంత సడలును. మా జట్కావాని గుఱ్ఱమున కున్న దిదియే. దానికి మెత్తని నేల, తిరుగాడుటకుఁ జోటు కావలెను. రాత్రింబవళ్లు కట్టివేసినచో నింకను బిగిసికొనిపోవును. రెండవది గిట్టలోపల వాఁచుట. గిట్ట వేఁడెక్కును, గుఱ్ఱము ముంగాళ్లపై బరువు మోపనొల్లక వెనుకకు వాలి నిలుచును. ఇది ప్రాణాపాయకరము. దీనికిఁ గారణములలో ముఖ్యమైనది దాణా యొక్కసారి మిక్కుటముగాఁ బడుట. ముసలి గుఱ్ఱమని జాలిపడి, ఇంటింటివారు పండుగనాఁడు శనగలు, బెల్లము తెచ్చి పెట్టుదురు. ఆ పుణ్యము గుఱ్ఱపు గిట్టలలోనికి దిగును. వేసవి వచ్చినను మేని వెండ్రుకలు రాలక పొడుగుగా నుండి, నీరెక్కువ త్రాగు గుఱ్ఱమున్నచో వైద్యునితోఁ దప్పక చెప్పవలెను. మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి వికారపడుట ముదిసిన గుఱ్ఱములకుఁ గలుగు రోగము; అట్టివానికి గిట్టవాపు సులభముగా వచ్చును.

దగ్గునకు మందుకంటె మేఁతపద్ధతి ముఖ్యము. ఎండుగడ్డిలోని దుమ్మును బూజును ఊపిరితిత్తులకుఁ బడక యీ యుబ్బసము పుట్టును. గడ్డిని నీటఁ దడిపి పెట్టవలెను, కొట్టము మూసియుండరాదు, గడ్డివామి ప్రక్కనే గుఱ్ఱమును గట్టరాదు. గాడిదను దోడుగాఁ గట్టుచోట నింకొక జాగ్రత్త కలదు. గాడిద యూపిరితిత్తులలో నొకజాతి పురుగు దానికే బాధయుఁ గలిగింపకుండ నుండి, గుఱ్ఱమునకు సోఁకినప్పుడు తీవ్రమైన దగ్గు పుట్టించును. కావున రెంటికిని బురుగుమందు వేయింపక కలుపరాదు.

ఇన్ని దోషములు చెప్పినచో నెవఁడు తీసికొనునని జట్కావాఁడు నన్నడిగెను. చెప్పకున్న నేమగునో 1872 నాఁటి ఇండియన్ కాంట్రాక్టు చట్టము విశదముగాఁ జెప్పుచున్నది. వస్తువు నొకనికి నప్పగించి, పని తీఱిన పిమ్మటఁ దిరిగి పుచ్చుకొను నొడంబడికను గూర్చి యందు 148వ సెక్షను మొదలుకొని వ్రాయఁబడినది. ఆ చట్టమును వ్రాసినవారు గుఱ్ఱములకాలమువారు. అందుచే నుదాహరణములు పెక్కు గుఱ్ఱములే. 150వ సెక్షను క్రింద నున్న దిది: తన గుఱ్ఱము పెంకిదని యెఱిఁగియు నొకఁడు ఆ మాట చెప్పక యింకొకని కెరవిచ్చును, గుఱ్ఱము పరుగెత్తి యా రెండవవానిని బడవేయును, అతనికిఁ గలిగిన నష్టమునకు ఎరవిచ్చినవాఁడే యుత్తరవాది. ఉచితముగా నిచ్చినవాఁడు తానెఱిఁగిన దోషములకు బాధ్యుఁడు. అద్దెకిచ్చినవాఁడో, తానెఱుఁగని దోషములకుఁ గూడ బాధ్యుఁడే. కావున దోషములు చెప్పుట గుఱ్ఱమునకే కాదు, చెప్పువానికిని రక్ష.

ఇఁక నెవరికీయవలెను? కుంటి గుఱ్ఱమును గోరువాఁ డుండునా? ఉండును. గుఱ్ఱము మందలో నుండు ప్రాణి. ఒంటిగా నుంచిన బెంగపడును, మేఁత మానును, పలుపులు త్రెంపుకొనును. ఒకే గుఱ్ఱమున్న యింటివానికిఁ దోడు గుఱ్ఱ మవసరము. దానికి మూఁపున బలమక్కఱలేదు, శాంతస్వభావ ముండినఁ జాలును. మా జట్కావానికడకు మొదట వచ్చినవాఁడు పెండ్లి మేళముల వ్యాపారి. "చిన్న పనే, నెలకు రెండుసార్లు" అనెను. ముదిసిన గుఱ్ఱమును జిన్నపనికని యడుగువానిని నేను నమ్మను. ఆ చిన్నపని నడిరాత్రి తారురోడ్డుపై బాణసంచాల నడుమ నాలుగు గంటలు. రెండవవాఁడు పిల్ల లెక్కి యాడుకొనుటకు అనెను. ఆ కుంటుకాలితో నదియుఁ బొసఁగదు. మూఁడవవాఁడు నాలుగు క్రోసుల దూరమున మామిడితోఁట గల రైతు. వాని గోడిగ తన తోడుది చచ్చిన నాఁటినుండి సకిలించుచుఁ గంచె దాఁటుచుండెను. అతఁడు గుఱ్ఱమునెక్కుట ప్రసక్తియే తేలేదు. "దగ్గుకు గడ్డి తడపాలంటే తడుపుతాను, నాకు బోరున్నది" అనెను. మా గుఱ్ఱము విత్తు కొట్టించినది కనుకఁ బిల్లల తగవు లేదు. ఆఁడుగుఱ్ఱము నెరవిచ్చువారు 163వ సెక్షనును దలఁచుకొనవలెను: వేఱుగా నొడంబడిక లేనిచో, ఎరవుననుండఁగాఁ బుట్టిన పిల్ల యజమానిదే. అచ్చట నుదాహరణము ఆవుదూడలది.

మనిషి మంచివాఁడైనఁ జాలదు, చోటు చూడవలెను. నేనును జట్కావాఁడును ఆ తోఁటకుఁ బోయి ప్రొద్దంతయు నుంటిమి. గుఱ్ఱము దినమునకు 25 మొదలు 40 లీటర్ల నీరు త్రాగును, వేసవిలో నింకను నెక్కువ. తొట్టి యెప్పుడును నిండియుండునా యని చూచితిమి. నేల పొడిగా నున్నది, నీడ యున్నది. కంచెవెంబడి మాత్రము గన్నేరు వరుసగా నుండెను. పూజకుఁ బూవులని నాఁటినాఁరఁట. అమరకోశము గన్నేరునకు హయమారకమని పేరు పెట్టినది. గుఱ్ఱమును జంపునదని యర్థము. బడిలో నా పదమును నేను ముప్పదియేండ్లు వల్లె వేయించితిని, అర్థము చెప్పించితిని. పచ్చియాకైనను ఎండుటాకైనను గుప్పెడు కడుపునఁ బడిన గుఱ్ఱము గుండె యాఁగిపోవును. ఆ మాట విని రైతు మఱునాఁడే వరుసనంతయుఁ గొట్టించి కాల్వక దూరమునఁ బూడ్పించెను. దాని పొగయు విషమే. ఆముదపు గింజలును గుఱ్ఱమునకు విషము. కాఁబట్టి కొట్టము దగ్గఱ నాముదపుచెట్లు నుండరాదు.

ఇప్పుడు కాగితము. ఇంగ్లండున గుఱ్ఱముల నిట్లెరవిచ్చుట సామాన్యాచారము. అచ్చటి బ్రిటిష్ హార్స్ సొసైటీవారు వ్రాఁతమూలమైన యొడంబడిక లేక యీయవలదని యజమానులకుఁ జెప్పుదురు. ఎరవు తెచ్చుకొన్నవాఁడు గుఱ్ఱమును దనదని యమ్ముకొనుట యచ్చటఁ గూడఁ గలదు. మన కాగితమున నేమేమి యుండవలెనో చట్టమును బట్టియే చెప్పెదను. గుఱ్ఱపు రంగు, సుడులు, మచ్చలు, వయస్సు వ్రాసి, నాలుగు వైపుల ఛాయాపటములు జతపఱుపవలెను. ఎరవిచ్చితినే కాని యమ్మలేదని స్పష్టముగా నుండవలెను. ఏ పనికి నిచ్చితిమో యా పనిని బేర్కొనవలెను. ఇది ముఖ్యము. 154వ సెక్షనున నొక చక్కని యుదాహరణము కలదు: కలకత్తాలో నొకఁడు కాశికిఁ బోవుటకని గుఱ్ఱము నద్దెకుఁ దీసికొని, జాగ్రత్తగానే స్వారిచేయుచుఁ గటకమునకుఁ బోవును, త్రోవలో గుఱ్ఱము దైవికముగాఁ బడి గాయపడును, జాగ్రత్తపడినను వాఁడే యుత్తరవాది, ఏలనఁగాఁ జెప్పిన త్రోవఁ బోలేదు. తన కొఱకే యెరవు తెచ్చిన గుఱ్ఱమును ఇంటివారిలో నొకని నెక్కనిచ్చినను నంతే. మా కాగితమున "తోడునకు మాత్రమే, ఎవరును ఎక్కరాదు, బండికిఁ గట్టరాదు, బరువు మోపరాదు, ఇతరుల కీయరాదు" అని వ్రాసితిని. దీనికి విరుద్ధముగా నడచినచో 153వ సెక్షను ప్రకార మెరవును రద్దుచేయు నధికారము యజమానికుండును.

వ్యయముకడఁ దగవులు పుట్టును. ఇచ్చినవాని మేలుకొఱకు ఉచితముగాఁ గాపాడినచో, నవసరమైన ఖర్చు లిచ్చినవాఁడే తీర్పవలెనని 158వ సెక్షను. మఱి ముసలిగుఱ్ఱమును ఉంచుకొనుట యెవరి మేలు? జట్కావానిదా, గోడిగ గలవానిదా? ఇద్దఱిదియు నగుటచేత వాదమున కంతుండదు. మే మిట్లు వ్రాసితిమి: మేఁత, నీరు, గిట్టలు చెక్కించుట రైతువి, గిట్టలను ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకసారి చూపవలెను. పండ్ల వైద్యము, నిత్యపు మందులు యజమానివి. అందులకై నెలకు కొంత పైకము కొడుకు పంపును. శూల వచ్చినచో నెవరి సెలవును గోరక రైతు వెంటనే వైద్యుని బిలువవలెను. గుఱ్ఱము వాంతి చేసికొనలేని ప్రాణి. డొక్కవైపు చూచుచు, కాలితో నేలఁ ద్రవ్వుచు, పలుమాఱు పడి పొరలుచున్నచో జాగుసేయుటకు వీలులేదు. అట్టివేళ ముందుగా ఫోను చేసి యడుగలేదని నిష్ఠురమాడుట తగదని గూడఁ గాగితమున నెక్కించితిని.

ఉచితముగా నిచ్చిన యెరవును గడువు పెట్టినను యజమాని యెప్పుడైనను దిరిగి కోరవచ్చునని 159వ సెక్షను. కాని గడువును నమ్మి తీసికొన్నవాఁడు ఖర్చుపడియుండి, మధ్యలోఁ దీసికొనుటచే వానికిఁ గలుగు నష్టము పొందిన లాభమును మించినచో, నా మించిన నష్టమును యజమాని పూడ్పవలెను. రైతు కొట్టమునకు రేకులు వేయించెను గదా! అందుచే నొక నెల ముందు తెలుపవలెనని యిరువుర నొప్పించితిని. మొదటి నెల పరీక్షాకాలము.

పంపుటకు ముందు ధనుర్వాతపు టీకా వేయించితిమి. గుఱ్ఱమున కా రోగము మిక్కిలి సులభముగా వచ్చును. గ్లాండర్సు అను నంటువ్యాధికి రక్తము పరీక్ష చేయించితిమి. అది గుఱ్ఱమునుండి మనుష్యునకును సోఁకును. హర్యానాలోని హిసారున నున్న జాతీయ అశ్వపరిశోధన కేంద్రమువారు ఈ రోగపరీక్షలు చేయుదురు. రక్తము నెట్లు పంపవలెనో పశువైద్యునికిఁ దెలియును. గ్రామపెద్దలైన మీ రిందులో నొక్కటి గుర్తుంచుకొనవలెను: 2009 నాఁటి పశువుల యంటువ్యాధుల చట్టము ప్రకారము, ఇట్టి రోగమున్నదని తోఁచినచో యజమాని గ్రామాధికారికిఁ గాని పంచాయతీవారికిఁ గాని తెలుపవలెను. మేఁత నొక్కనాఁడే మార్పరాదు. పాఁత గడ్డి నాలుగు మోపులు గుఱ్ఱముతోనే పంపి, పది దినములలోఁ గొంచెము కొంచెముగాఁ గ్రొత్తది కలిపించితిమి. రెండు గుఱ్ఱములను మొదటి మూఁడుదినములు కంచెకు నిరుప్రక్కల నుంచిరి. నాలుగవనాఁడు గోడిగయే కంచెపై మెడ వైచి నిలుచున్నదని రైతు చెప్పెను.

కడపటి రెండు షరతులు వ్రాయునప్పుడు ముసలివాఁడు మాటాడలేదు. బాధ భరింపరానిదై, కోలుకొనదని పశువైద్యుఁడు వ్రాసి యిచ్చినచో, సుఖమరణమునకు నిర్ణయ మెవరిది? దూరముననున్న యజమాని ఫోనునకు దొరకకపోవచ్చును. అట్టిచో వైద్యుని మాటపై రైతు నిర్ణయింపవచ్చునని వ్రాసితిని. పూడ్చుట తోఁటలోనే, బావికి దూరముగా, లోఁతుగొయ్యలో. రెండవ షరతు మనుష్యుల చావును గుఱించినది. ఉచితపు టెరవు, ఇచ్చినవాఁడు గాని పుచ్చుకొన్నవాఁడు గాని మరణించినచోఁ దనంత ముగియునని 162వ సెక్షను చెప్పుచున్నది. అప్పుడు గుఱ్ఱ మెవరిది, ఎవరు మేపవలెను, ఏ యింటికిఁ బోవలెను అని తేల్చుకొనులోపల నది పస్తుండును. కాఁబట్టి యజమాని క్రింద నతని కొడుకును, రైతు క్రింద నతని తమ్ముఁడును, అట్టి సమయమునఁ గ్రొత్త కాగితము వ్రాసికొనువఱకు గుఱ్ఱమును బోషించెదమని చేవ్రాలు చేసిరి. సాక్షులుగా నూరిపెద్దలిద్దఱు సంతకములు పెట్టిరి. కాగితము మూఁడు ప్రతులు: ఒకటి తోఁటలో, ఒకటి పట్టణమున మూఁడవ యంతస్తున, ఒకటి నా పెట్టెలో నున్నవి.